తోటలోకి చెక్క గేటు: నల్లరేగడిలో వాలకుండా నిలబడాలి, చూడముచ్చటగానూ ఉండాలి

గోరంట్ల_మొక్కలు (గుంటూరు)
అందరికీ నమస్కారమండీ. ఇంటి పక్క ఖాళీ స్థలంలో తోట వేసుకున్నాం. ముంగిలికీ తోటకీ మధ్య నాలుగడుగుల దారి వదిలాం. అక్కడ చెక్క గేటు పెట్టుకోవాలని నాకూ మా ఆవిడకీ కోరిక. ఎత్తు నాలుగున్నర అడుగులు, పైన కమాను, కమాను మీద తీగ, గేటు మీద కాస్త నగిషీ. మా వడ్రంగి మేస్త్రి తలుపులు, కిటికీలు శుభ్రంగా చేస్తాడు. గేటు అనేసరికి మాత్రం "ఇనపది పెట్టించుకోండి సార్, చెక్కదైతే రెండు వానాకాలాలకి వాలిపోద్ది" అంటున్నాడు. నిజమేనా? ఏ కర్ర వాడమంటారు? నేల నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలిస్తుంది.

చేవకర్ర (విజయవాడ)
మేస్త్రి మాట సగం నిజం. వాలేది చెక్క తప్పు కాదు, చట్రం తప్పు. ఇంటి తలుపుకి మూడు వైపులా ద్వారబంధం ఉంటుంది, పైన ఎండా వానా పడవు. గేటు ఒక అంచున వేలాడుతూ అన్నిటికీ ఒళ్ళప్పగించి ఉంటుంది. తలుపు చేసినట్టే గేటూ చేస్తే ఆయన చెప్పినట్టే అవుతుంది.

ముందు బరువు లెక్క చూడండి. ఎండిన టేకు ఘనపు అడుగుకి దాదాపు 18 కిలోలు. మీ కొలతకి 4x2 అంగుళాల చట్రం, మూడు అడ్డకమ్ములు, ముప్పావంగుళం పలకలు వేసుకుంటే ఇంచుమించు రెండున్నర ఘనపు అడుగులు. అంటే 45 కిలోలు. ఆ బరువంతా రెండు బందుల మీద వేలాడాలి.

ఇప్పుడు ఐమూల పట్టీ. మన వైపు చాలా గేట్లకి ఇది తిరగబడి ఉంటుంది. చెక్క పట్టీ కింది బందు మూలలో మొదలై, పైన గడియ వైపు మూలకి ఎక్కాలి. అప్పుడు గడియ వైపు బరువు ఆ పట్టీని నొక్కుతూ కింది బందులోకి, అక్కణ్ణుంచి స్తంభంలోకి దిగుతుంది. తిరగేసి కొడితే అదే పట్టీ లాగుడు మీద పనిచెయ్యాలి. చెక్క ఓర్చుకుంటుంది గానీ దాని చివరలున్న మేకులు ఓర్చుకోవు, ఏడాది తిరిగేసరికి గడియ వైపు మూల నేలకి రాసుకుంటుంది.

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)
తమ్ముడూ, ఇంత తలనొప్పి దేనికి? 40 ఎం.ఎం. చదరపు పైపుతో చట్రం వెల్డింగు చేయించు, ముందు టేకు పలకలు స్క్రూలతో బిగించు. చూసేవాడికి చెక్కే కనిపిస్తుంది, మోసేది ఇనుము. ఐమూల గియిమూల గొడవే ఉండదు. మా ఆటోనగర్‌లో ఒక్క పూట పని.

చేవకర్ర
బాబాయ్, అదీ మంచి దారే, కాదన్ను. కానీ గేటు వెనక నుంచి చూసినా బాగుండాలి కదా, తోటలో కూర్చునేవాళ్ళకి కనిపించేది వెనక వైపే. పైగా పైపు మీద చెక్క ఆనిన చోట వాననీళ్ళు ఇంకకుండా నిలిచిపోతాయి. పైపుకీ పలకకీ మధ్య రబ్బరు వాషర్లు పెట్టి కాస్త ఎడం ఇస్తేనే ఆ పని చెయ్యాలి. చెయ్యించేవాళ్ళలో ఆ ఎడం ఇచ్చేవాళ్ళు తక్కువ.

సివిల్_రావు (గుంటూరు, బ్రాడీపేట)
గేటు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను స్తంభాల సంగతి చెప్తా. గుంటూరులో గేటు గడియ పడకపోవడానికి సగం కారణం నేలే.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మీ స్తంభం ఏటేటా ఆ మట్టితో పాటు ఊగుతుంది. రెండు స్తంభాలూ ఒకేలా ఊగితే పెద్ద నష్టం లేదు. ఒక దాని పక్కన మీరు రోజూ మొక్కలకి నీళ్ళు పోస్తారు, రెండో దాని పక్కన గచ్చు. ఒకటి లేస్తుంది, ఒకటి లేవదు. జూన్‌లో చక్కగా పడిన గడియ నవంబరులో పడదు. అప్పుడు అందరూ తిట్టేది వడ్రంగిని.

ఇళ్ళకైతే ఇలాంటి నేలలో అడుగున ఉబ్బెత్తు గడ్డ ఉండే పైల్స్ (నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు తీర్చిదిద్దిన పద్ధతి. మట్టి కదలిక లేని లోతుకి, మూడున్నర మీటర్ల దాకా దిగుతారు. తోట గేటుకి అంత అక్కర్లేదు. మనకి కావలసింది రెండు స్తంభాలూ కలిసి కదలడం. కింద నేలలో రెండింటినీ కలుపుతూ ఒక చిన్న కాంక్రీటు బీమ్ పొయ్యండి, తొమ్మిదంగుళాల వెడల్పు చాలు. బీమ్ కింద మూడంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే ఉబ్బిన మట్టి దాన్ని కింద నుంచి తంతుంది. స్తంభాల గుంతలు రేగడితోనే పూడ్చకండి, మొరం నింపి దిమ్మిస కొట్టించండి. పైన మీరు పెట్టే కమాను రెండో కట్టు. కమాను అందానికి అనుకున్నారేమో, నాకు అదే పెద్ద ఆసరా.

బందులు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. 45 కిలోల గేటు, నాలుగడుగుల వెడల్పు, బందుల మధ్య మూడున్నర అడుగులు అనుకోండి, పై బందు మీద పక్కకి లాగుడు 26 కిలోల లోపే. అదే బందుల్ని దగ్గరికి జరిపి మధ్య రెండడుగులే వదిలితే ఆ లాగుడు 45 కిలోలవుతుంది.

గోరంట్ల_మొక్కలు
రావు గారూ, అంటే స్తంభం కర్రది పెట్టొచ్చా? నేలలో పాతితే చెదలు వదలవు కదా.

సివిల్_రావు
పాతొద్దు. కాంక్రీటులో పాతిన కర్ర చుట్టూ నీళ్ళు చేరి, సరిగ్గా నేల మట్టం దగ్గర కుళ్ళుతుంది. తారు పూసినా కొన్నేళ్ళే. కాంక్రీటులో ఇనప పాదం దింపి, దాని మీద స్తంభాన్ని నేలకి రెండంగుళాలు ఎత్తున నిలబెట్టండి. మధ్యలో 8 ఎం.ఎం. ప్లేటు స్తంభంలోకి అడుగు ఎత్తు దూరాలి, అడ్డంగా రెండు బోల్టులు. చెదలు ఎక్కినా మట్టి దారి బయటికి కనిపిస్తుంది, చీపురుతో కొట్టెయ్యొచ్చు.

ఆటోనగర్_బాబాయ్
హమ్మయ్య, ఇనుము అవసరం పడింది. ఆ పాదం నేను చేయిస్తా. పెయింటు కాదు, గాల్వనైజింగు (జింకు పూత) చేయించు తమ్ముడూ.

వాస్తు_విశ్వం
గేటు ఏ దిక్కున వస్తుందో ఎవరూ అడగలేదు. ఒంటి రెక్క తలుపు కన్నా రెండు రెక్కలు శ్రేష్ఠం. ఎడమ రెక్క కాస్త చిన్నది ఉండాలి.

గోరంట్ల_మొక్కలు
విశ్వం గారూ, ఇది లోపలి తోటకి వెళ్ళే గేటండీ, సింహద్వారం కాదు.

చేవకర్ర
వాస్తు పక్కన పెట్టినా, రెండు రెక్కల మాటలో పస ఉంది. నాలుగడుగుల ఒంటి రెక్క కన్నా రెండడుగుల రెక్కలు రెండు పెడితే బందుల మీద లాగుడు బాగా తగ్గిపోతుంది. కానీ మధ్యలో రెండు రెక్కలూ కలిసే చోట కింద గడియ దిగడానికి నేలలో బెజ్జం కావాలి. అందులో మట్టి నిండుతుంది. మట్టి తవ్వడానికి ఓపిక ఉంటే రెండు రెక్కలు, లేకపోతే ఒకటి.

పెరటి_పద్మ (గుంటూరు, పట్టాభిపురం)
నాదో చిన్న మాట. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత దాని మీదే కొత్తది పోసి మట్టం పెంచేస్తారు. గేట్లన్నీ నేలకి తగిలి, అందరూ కింద కోయించుకున్నారు. మీది లోపలి గేటే అయినా దారిలో రాళ్ళు పరిస్తే మట్టం పెరుగుతుంది. కింద మూడంగుళాలు వదలండి. ఎలకలూ కుక్కపిల్లలూ దూరకుండా రబ్బరు పట్టీ బిగించుకోవచ్చు. ముగ్గేసే చోటైతే ఆ పట్టీ ముగ్గుని ఊడ్చేస్తుంది, అది చూసుకోండి.

ఇక తీగ సంగతి. రాధామనోహరం మాత్రం కమాను మీదికి ఎక్కించకండి అన్నయ్యా. పూత చూసి మురిసిపోతాం గానీ రెండేళ్ళలో బరువెక్కి కమానుని కప్పేస్తుంది, లోపల చెక్క ఎప్పుడూ తడారదు. సన్నజాజి పెట్టుకోండి. కమానుకి రెండంగుళాల ఎడంగా తీగలు లాగి వాటి మీద పాకించండి, చెక్కకి గాలాడుతుంది.

రేపల్లె_తాటి
కర్ర గురించి ఎవరూ తేల్చలేదు. మా వైపు పాత ఇళ్ళు పడగొడుతుంటే తాటి దూలాలు దొరుకుతున్నాయి. ముదురు తాడి అయితే టేకుకి తీసిపోదు. తాటికి గట్టిదనమంతా బయట వైపు, నడుమ మెత్తని దూది. మిగతా మానులకి చేవ లోపల ఉంటుంది, దీనికి తిరగబడి ఉంటుంది. అందుకని చిన్న పట్టీలే వస్తాయి, వెడల్పు పలకలు రావు. గేటు నిలువు పట్టీలకి బ్రహ్మాండంగా ఉంటుంది, నల్లచారలు చూడ్డానికే వేరు. చిత్రిక పట్టేటప్పుడు పీచు గుచ్చుకుంటుంది, జాగ్రత్త.

చేవకర్ర
నిజం. కానీ తాటి మీద నగిషీ పడదు, పీచు లేచిపోతుంది. చట్రానికి పాత టేకే నా ఓటు. పడగొట్టిన ఇళ్ళ ద్వారబంధాలు, దూలాలు కొనుక్కోండి. దశాబ్దాల తరబడి ఎండిన కర్ర ఇక మెలి తిరగదు. మేకులు మిగిలి ఉంటాయి, సామిల్లు వాడు బ్లేడు పోతుందని కొయ్యనంటాడు, ముందే అయస్కాంతంతో వెతికి పీకించండి. కొత్తది కొంటే తెల్లచెక్క ఉన్న ముక్క తీసుకోకండి. టేకు పేరే గానీ ఆ తెల్ల భాగానికి చెదలని ఆపే గుణం లేదు.

పలక వెడల్పు నాలుగంగుళాలు దాటనివ్వకండి, పలకకీ పలకకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉంచండి. చెక్క పొడుగున ఉబ్బదు, అడ్డంగా ఉబ్బుతుంది. మేలో బిగించి చేసిన గేటు ఆగస్టులో చట్రాన్ని తోసేస్తుంది.

సింగ్‌నగర్_లక్ష్మి (విజయవాడ)
2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా ఇంటి ముందు గేటు రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. దానికి కింద ప్లైవుడ్ పలకలు, చుట్టూ పాత టేకు చట్రం. ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చుకుంది. చట్రం మాత్రం ఆరాక ఎప్పటిలా నిలబడింది, కీళ్ళు కూడా వదల్లేదు. ఆ కీళ్ళు మా మావగారి కాలంలో చెక్క మేకులు కొట్టి బిగించినవి. తరవాత ఎవరో కొత్తగా జిగురుతో అతికిన చోటే ఊడింది. వాళ్ళు వాడింది మామూలు తెల్ల జిగురు. బయట పెట్టే దానికి నీళ్ళకి ఆగే మెరైన్ జిగురు అడిగి కొనండి.

చేవకర్ర
లక్ష్మి గారూ, మంచి మాట గుర్తుచేశారు. అడ్డకమ్మి చివర నాలుకలా చెక్కి, నిలువు కమ్మిలో తొలిచిన గాడిలోకి దించి, పక్క నుంచి చెక్క మేకు కొట్టడమే గట్టి పద్ధతి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అతికే ముందు థిన్నరుతో తుడవాలి.

కొండపల్లి_పక్కూరు (ఇబ్రహీంపట్నం)
నగిషీ అంటే నాకు కొండపల్లే గుర్తొస్తుంది. దశావతారాలు, అంబారీ ఏనుగు చేయించి గేటుకి బిగిస్తే? మన ఊరి పేరూ నిలుస్తుంది.

నగిషీ_నాగు (విజయవాడ)
అన్నా, కొండపల్లి బొమ్మ తెల్ల పొనికితో చేస్తారు. తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది, అందుకే బొమ్మకి బాగుంటుంది. ఎండా వానా తగిలే చోట ఒక్క వర్షాకాలం కూడా నిలవదు. అద్దాల బీరువాలో పెట్టుకోవలసిన వస్తువు అది.

మ్యూజియం_మేష్టారు (గుంటూరు)
గేటుకి అలంకారం కావాలంటే మన గుమ్మంలోనే ఉంది కదండీ. అమరావతి స్తూపం చుట్టూ ఒకప్పుడు ఉన్న రాతి కంచె రాళ్ళని ఎప్పుడైనా పరికించి చూశారా? నిలువు స్తంభాలు, వాటి మధ్య మూడేసి అడ్డకమ్ములు, పైన పొడుగునా పైదిమ్మ. స్తంభంలో తొలిచిన గాడిలోకి అడ్డకమ్మి చివర దిగుతుంది. చేవకర్ర గారు ఇందాక చెప్పిన నాలుకా గాడీ ఇదే. పలనాటి సున్నపురాయి మీద వడ్రంగం పని చేశారన్నమాట, అంతకు ముందున్న కర్ర కంచెల్నే రాతిలో దించారు.

అలంకారం ఎక్కడ పెట్టారో చూడండి. స్తంభం నడిమధ్యన నిండు పద్మం, పైనా కిందా సగం పద్మాలు. అడ్డకమ్మి మధ్యలో ఇంకో పద్మం. పైదిమ్మ మీద పొడుగాటి పూదండ, దాన్ని మోసే మనుషులు. చట్రం ఎక్కడ ఉందో అలంకారం అక్కడే ఉంది. మీ గేటుకీ మూడు అడ్డకమ్ములే ఉన్నాయి. నడిమి కమ్మి మీద ఒక్క నిండు పద్మం, పైనా కిందా సగం పద్మాలు వేయించండి, ఇంకేం వద్దు. అసలు రాళ్ళలో చాలా భాగం చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోనూ ఉన్నాయి, అది వేరే బాధ. అమరావతి మ్యూజియంలో ఉన్నవి చాలు మీ మేస్త్రికి చూపించడానికి.

నగిషీ_నాగు
మేష్టారూ, బాగా చెప్పారు. చెక్కేటప్పుడు తెలియాల్సినవి నేను చెప్తా.

కంపాసుతో వృత్తం గీసి, కంపాసు కదపకుండా అదే కొలతతో అంచు చుట్టూ నడిపిస్తే ఆరు గుర్తులు పడతాయి. ఒక్కో ఎడాన్ని సగం చేస్తే పన్నెండు రేకలు. మధ్యలో బొడ్డు చిన్నది ఉంచాలి, పెద్దదైతే పొద్దుతిరుగుడు పువ్వైపోతుంది. లోతు మూడు ఎనిమిదో వంతుల అంగుళం దాటొద్దు. రేకల కింద గుల్ల చేసి తొలవకండి. ఫోటోలో అదిరిపోద్ది, తోటలో సాలీడు గూళ్ళూ దుమ్మూ పట్టి ఆర్నెల్లకి మసకబారుద్ది.

ఉలి ఒకే దిక్కున నడిస్తే కుదరదు. వృత్తం చుట్టూ తిరిగేటప్పుడు చెక్క పొర (కర్రలో పీచు సాగే వరస) ఒకచోట మనకి వాటం, పక్క పావులో ఎదురు. నాలుగు చోట్ల ఉలి దిశ మార్చుకోవాలి, లేకపోతే అంచు పెచ్చు లేస్తుంది. పొర నిలువుగా ఉన్న పలకైతే కుడి ఎడమలకి చూసే రేకల కొనలు పెళుసుగా ఉంటాయి, ఆ కొనలు కాస్త మొద్దుగా వదలండి. పద్మాన్ని కమ్మి మీద కాక విడి పలక మీద చెక్కితే, ఆ పలకని చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టాలి. బిగించేస్తే ఎండకి సరిగ్గా పువ్వు మధ్య నుంచే పగులుద్ది.

గోరంట్ల_మొక్కలు
మేష్టారి మాట మా ఆవిడకి తెగ నచ్చింది. కానీ ఒక చిక్కు. నడిమి కమ్మి మీద పద్మం పెడితే వెనక ఐమూల పట్టీ అక్కడే అడ్డంగా వెళ్తుంది. తోట వైపు నుంచి చూస్తే పువ్వూ లేదు, పట్టీ ఒక్కటే కనిపిస్తుంది.

పెరటి_పద్మ
పట్టీనే తామర కాడ చెయ్యండి. కింద మూల నుంచి పై మూలకి ఎక్కుతుంది కదా, పైన మొగ్గ, కింద ఓ ఆకు. ముందు వైపు విరిసిన పువ్వు, వెనక వైపు మొగ్గ.

నగిషీ_నాగు
అక్కా, ఇది భలే ఉంది!

చేవకర్ర
బాగుంది, కానీ షరతు. వంపు కోసం నిటారు పలకని వంకరగా కోస్తే చెక్క పొర మధ్యలో తెగుతుంది, అక్కడే విరుగుతుంది. పట్టీ లోపల కింద మూల నుంచి పై మూల దాకా తెగని పొర రెండంగుళాలైనా ఉండాలి. వంపంతా అంచుల్లోనే చూపించాలి. రెండు చివరలూ అడ్డకమ్మిలో గంటు పెట్టి ఆనించాలి, స్క్రూ మీద ఆధారపడకూడదు. మొగ్గా ఆకూ వేరే ముక్కలుగా చేసి అతికించొచ్చు, వాటి మీద బరువు పడదు.

అడ్డకమ్ముల పై అంచు చదునుగా వదలొద్దు, నీళ్ళు జారేలా వాలు కొట్టించండి. నిలువు కమ్ముల నెత్తిన పొర కొనలు తెరుచుకుని ఉంటాయి, నీళ్ళు తాగేది అక్కడే. మేష్టారి పైదిమ్మలా అటూ ఇటూ అర అంగుళం బయటికొచ్చే ఒక టోపీ పట్టీ వెయ్యండి.

సింగ్‌నగర్_లక్ష్మి
పైన ఏం పూయాలి? వార్నిషు వేయిస్తే మాకు రెండో వేసవికే పొట్టు లేచింది.

చేవకర్ర
మన ఎండకి మామూలు వార్నిషు అంతేనండీ. ఎండ పైపొరని చీల్చుకుని చెక్కని కొడుతుంది, పట్టు వదిలిన వార్నిషు పెచ్చులూడుతుంది. మళ్ళీ వెయ్యాలంటే మొత్తం గీకాలి, నగిషీ సందుల్లో గీకడం నరకం. పద్మం ఉన్న గేటుకి నూనే మేలు. ఉడికించిన అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి పలచగా పూసి, అరగంటాగి మిగిలింది తుడిచెయ్యాలి. ఏటా వర్షాలకి ముందొకసారి, వెళ్ళాక ఒకసారి. నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టి పారెయ్యండి.

ఆటోనగర్_బాబాయ్
ఏటా రెండుసార్లు నూనె! నా పైపు గేటుకి ఐదేళ్ళకోసారి పెయింటు చాలు. చెప్పానని కాదు, చెప్తున్నా.

గోరంట్ల_మొక్కలు
బాబాయ్, మీ పాదాలు రెండు ఖాయం, కొలతలు పంపుతా.

ఇవాళ మేస్త్రికి బొమ్మ గీసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు, తరవాత "ఈ కాడకి టేకు కోసి వంపు తేవడం ఎందుకు సార్, వంపు తిరిగి పెరిగిన తుమ్మ కొమ్మ తెస్తా, మా నాన్న బండ్లకి అలాగే ఏరేవాడు" అన్నాడు. ఇనపదే పెట్టుకోమన్న మనిషి ఇప్పుడు కొమ్మ వెతకడానికి వెళ్ళాడు. నల్లతుమ్మ ఈ పనికి పనికొస్తుందా? చెట్టు కొట్టాలంటే ఏమైనా అనుమతులు కావాలా?

చేవకర్ర
మీ మేస్త్రి చేతికి దండం పెట్టాలి. వంపుతో పెరిగిన కొమ్మలో పొర వంపు వెంటే వెళ్తుంది, ఎక్కడా తెగదు, నేను పెట్టిన షరతు దానంతటదే తీరిపోయింది. బండి చక్రాలకి, నాగళ్ళకి వాడిన కర్రే అది, బరువూ గట్టిదనమూ రెండూ ఎక్కువ. చేవ భాగమే తీసుకోమనండి. పచ్చి కొమ్మైతే బెరడు తీసి, చివరలకి మైనం గానీ పెయింటు గానీ పూసి, నీడలో ఆరబెట్టాలి. అంగుళం మందానికి ఏడాది అంటారు పాత లెక్క. కాబట్టి ఎండిన కొమ్మే వెతకమనండి.

తుమ్మలో వగరు ఎక్కువ, మామూలు ఇనప స్క్రూ తగిలిన చోట నల్లటి మరక కారుతుంది. 304 స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. చెట్టు కొట్టే పనుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి ముందు అడిగి తెలుసుకోండి. కోసి పెట్టిన కర్ర కొనుక్కుంటే సుఖం.

సివిల్_రావు
బీమ్ పోసిన వెంటనే గేటు ఎక్కించకండి, కాంక్రీటుని కనీసం రెండు వారాలు తడుపుతూ గట్టిపడనివ్వండి. ఎక్కించే రోజు గేటు కింద మూడంగుళాల దిమ్మలు పెట్టి, గడియ వైపు మాత్రం ఓ పావంగుళం ఎక్కువ లేపి, అప్పుడు బందుల బెజ్జాలు గుర్తుపెట్టమనండి. దిమ్మలు తీయగానే కీళ్ళు సర్దుకుని ఆ పావంగుళం దిగుతుంది. ముందు పై బందు, తరవాత కింది బందు.

ఆటోనగర్_బాబాయ్
కొలతలు పంపేటప్పుడు స్తంభం మందం చిత్రిక పట్టాక ఎంతో రాయి తమ్ముడూ, పట్టకముందుది కాదు.